అందరూ వాడుకోగా మిగిలిందే గ్రేట్ సాల్ట్ లేక్

అమెరికాలోని యూటా రాష్ట్రంలో సాల్ట్ లేక్ సిటీ నుంచి కారులో గంట లోపే గ్రేట్ సాల్ట్ లేక్ అనే ఉప్పు సరస్సులో ఉన్న ఆంటెలోప్ ఐలాండ్ చేరుకోవచ్చు. సిరక్యూస్ అనే ఊరి దగ్గర మొదలయ్యే ఏడు మైళ్ల కట్ట రోడ్డు నేరుగా ద్వీపంలోకి తీసుకెళ్తుంది. ఉత్తరపు కొసన బఫలో పాయింట్ అనే గుట్ట ఉంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూడా నిదానంగా ఎక్కేయగలరు. పైన నిలబడితే పడమటికి కనుచూపు మేర నీళ్లు, నీళ్ల మధ్య నీలంగా కొండలు, తూర్పున మంచు కప్పుకున్న వాసాచ్ పర్వతాలు, కింద గడ్డిలో మేస్తూ బైసన్ల మంద. గాలి లేని సాయంత్రం నీళ్లెక్కడ ఆగాయో ఆకాశం ఎక్కడ మొదలైందో తేల్చుకోవడం కష్టం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు అక్కడి తెలుగువాళ్లు కారెక్కించి చూపించడానికి భలే వీలైన చోటు. వాసన ఒక్కటే ఇబ్బంది. ఒక్కోసారి ఒడ్డున కుళ్లిన గుడ్ల కంపు గుప్పుమంటుంది. ఆ సంగతి టూరిజం పోస్టర్లలో ఉండదు.

నీళ్ల అంచు వెంబడి వెడల్పాటి తెల్లటి పట్టీ ఒకటి మెరుస్తూ కనిపిస్తుంది. చూసినవాళ్లు బీచ్ అనుకుంటారు. అందులో చాలా భాగం ఒకప్పుడు నీళ్ల కింద ఉన్న సరస్సు అడుగే. 2022 నవంబరులో నీటిమట్టం సముద్రమట్టం నుంచి కొలిస్తే 4,188.5 అడుగులకు పడిపోయింది. 1847 నుంచి ఉన్న లెక్కల్లో అంత కిందికి ఎప్పుడూ దిగలేదు. 1980ల మధ్యలో ఇదే సరస్సు దాదాపు 4,212 అడుగుల దాకా ఎక్కింది. సగటు లోతు 15 అడుగులు దాటని చోట ఆ 23 అడుగుల తేడా చిన్నది కాదు. పళ్లెంలా పరుచుకున్న నేల కాబట్టి మట్టం ఒక్క అడుగు తగ్గినా ఒడ్డు చాలా దూరం వెనక్కి జరుగుతుంది.

ఎడారిలో చెరువు ఎండిపోవడంలో వింతేముంది, వానల్లేవు, ఎండలు పెరిగాయి అన్నది వెంటనే తోచే జవాబు. అక్కడ చాలామంది చాలా ఏళ్లు అదే నమ్మారు కూడా. అందులో నిజం కొంతే. అసలు కారణం ఆకాశంలో కంటే ఎగువన ఉన్న కాలువల్లో, ఆ కాలువల వెనకున్న చట్టంలో ఎక్కువగా ఉంది.

పోయే దారి లేని నీళ్లు

బఫలో పాయింట్ మీద నుంచి వెనక్కి తిరిగి కొండల వాలు చూస్తే, ఎవరో కొలతపెట్టి కోసినట్టు అడ్డంగా సాగే గీతలు ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. అవి పాత ఒడ్లు. మంచుయుగం చివర్లో ఇక్కడ బానవిల్ అనే మహా సరస్సు ఉండేది. దాదాపు 50 వేల చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం, వెయ్యి అడుగుల లోతు. ఒక దశలో ఉత్తరాన ఇడాహోలోని రెడ్ రాక్ పాస్ దగ్గర గట్టు తెగి, ఆ నీళ్లు స్నేక్ నదిలోకి వరదగా దూకాయి. తర్వాత వాతావరణం పొడిబారింది. మిగిలిన నీళ్లు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, చివరికి లోతట్టున ఈ ఉప్పు మడుగు మిగిలింది.

ఈ గీతల గురించి ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. 19వ శతాబ్దంలో గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వాటి ఎత్తులు కొలుచుకుంటూ తిరిగాడు. ఒకే సరస్సు ఒడ్డు అంతటా ఒకే ఎత్తులో ఉండాలి. కానీ సరస్సు నడిమధ్యలో ఉన్న కొండల మీద అదే ఒడ్డు గీత, అంచుల్లో ఉన్నదాని కంటే పైన ఉంది. వెయ్యి అడుగుల నీటి బరువుకు అక్కడి నేల కుంగిందనీ, నీళ్లు పోయాక మెల్లగా లేచిందనీ ఆయన తేల్చాడు. భూమి పైపొర బరువుకి వంగుతుందనడానికి తొలి గట్టి ఆధారాల్లో అదొకటి.

ఉప్పు సంగతికి వస్తే, బేర్, వీబర్, జోర్డాన్ అనే మూడు నదులు ఈ సరస్సుకు ప్రధాన ఆధారం. బేర్ నది వీటిలో పెద్దది. యూయింటా పర్వతాల్లో పుట్టి వయోమింగ్, ఇడాహో తిరిగి మళ్లీ యూటాకే వస్తుంది. వీటిలో ఉన్నవి మంచినీళ్లే. అయితే ఏ నది నీటిలోనైనా రాళ్ల నుంచి కరిగిన లవణాలు ఎంతో కొంత ఉంటాయి. మామూలుగా ఆ లవణాలు సముద్రంలోకి పోతాయి. ఇక్కడ నదులకు సముద్రం దారి లేదు. సరస్సు నుంచి నీళ్లు బయటికి పోయే మార్గం ఆవిరి ఒక్కటే, ఆవిరి ఉప్పును వెంట తీసుకెళ్లదు. వేల ఏళ్లుగా అలా పేరుకున్న లవణం 400 కోట్ల టన్నులకు పైమాటే. సముద్రపు నీటిలో ఉప్పు మూడున్నర శాతం ఉంటుంది. ఈ సరస్సు దక్షిణ భాగంలో మామూలు రోజుల్లో 9 నుంచి 17 శాతం మధ్య తిరుగుతుంది. అందుకే ఈత రానివాళ్లు కూడా ఇందులో వెల్లకిలా తేలతారు.

ఉప్పు మొత్తం పెద్దగా మారదు. మారేది నీళ్లే. నీళ్లు తగ్గితే అదే ఉప్పు తక్కువ నీటిలో ఉండాలి. కాబట్టి ఈ సరస్సుకు సంబంధించి మట్టం ఎంత అన్న ప్రశ్నకూ, ఉప్పు ఎంత శాతం అన్న ప్రశ్నకూ జవాబు ఒకటే.

ఇంకొక సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. సరస్సు కుంచించుకుపోతే ఆవిరయ్యే విస్తీర్ణమూ తగ్గుతుంది. పైగా ఉప్పెక్కిన నీళ్లు నెమ్మదిగా ఆవిరవుతాయి. కాబట్టి వచ్చే నీళ్లకు తగ్గట్టు ఏదో ఒక కింది మట్టంలో సరస్సు నిలదొక్కుకుంటుంది. పూర్తిగా మాయం కావడం అంత సులువు కాదు. అయితే ఆ నిలదొక్కుకునే మట్టంలో నీళ్లు ఉంటాయి గానీ ప్రాణి ఉండదు. పేపర్లలో 'సరస్సు మాయం' అని వచ్చే హెడ్డింగులకూ అసలు ప్రమాదానికీ ఉన్న తేడా అదే.

ఒకే సరస్సు, రెండు రంగులు

సాల్ట్ లేక్ సిటీలో దిగే విమానం కిటికీ నుంచి చూస్తే సరస్సుకు అడ్డంగా సరళరేఖ ఒకటి కనిపిస్తుంది. దానికి ఒక పక్క నీలి ఆకుపచ్చ, ఇంకో పక్క గులాబీ. ఫొటో ఎడిటింగ్ అనుకుంటారు గానీ కాదు. 1900ల మొదట్లో సదరన్ పసిఫిక్ రైల్వే వాళ్లు దూరం తగ్గించుకోవడానికి సరస్సు మీదుగా చెక్క వంతెన వేశారు. దాని కింద నీళ్లు అటూ ఇటూ ఆడేవి. 1959లో వంతెన బదులు రాళ్లూ మట్టీ పోసి కట్ట కట్టేశారు. మూడు నదులూ కట్టకు దక్షిణం వైపే కలుస్తాయి. ఉత్తరం వైపుకు చెప్పుకోదగ్గ నది ఏదీ లేదు. దాంతో అటు ఉప్పు కరగలేనంతగా, 27 శాతం దాకా చిక్కబడింది. అంత ఉప్పులో బతికేవి ఉప్పును ఇష్టపడే కొన్ని సూక్ష్మజీవులే. వాటి ఒంట్లో ఉన్న రంగే మనకు కనిపించే గులాబీ.

ఉత్తర భాగంలో రోజెల్ పాయింట్ అనే చోట రాబర్ట్ స్మిత్‌సన్ అనే శిల్పి 1970లో నల్ల రాళ్లతో సుడిలాంటి కట్ట ఒకటి నీళ్లలోకి కట్టాడు. పొడవు 1,500 అడుగులు. కట్టిన కొద్దికాలానికే మట్టం పెరిగి మునిగిపోయింది. దాదాపు 30 ఏళ్లు నీళ్ల కిందే ఉండి 2002 ప్రాంతంలో మళ్లీ తేలింది. ఇప్పుడు దాని చుట్టూ పొడి నేలే, నీళ్లు చూడాలంటే ఇంకా లోపలికి నడవాలి. ఆయన కొలబద్దగా కట్టలేదు గానీ, అంతకంటే పెద్ద కొలబద్ద ఆ సరస్సులో లేదు.

వరసలో పేరే లేని వాటాదారు

ఇక అసలు చిక్కు. యూటా స్టేట్ యూనివర్సిటీకి చెందిన వేన్ వర్ట్స్‌బా, మరికొందరు శాస్త్రవేత్తలు 2017లో ప్రచురించిన లెక్క ఒకటుంది. 150 ఏళ్లలో కొండల్లో కురిసే వాన, మంచు ఏడాదికో రకంగా ఉన్నా, దీర్ఘకాలంలో నదుల సహజ ప్రవాహం పెద్దగా తగ్గలేదు. తగ్గింది సరస్సు దాకా చేరే నీరు. దారిలో మనుషులు తోడుకోవడం వల్ల చేరే నీళ్లలో 39 శాతం కోత పడింది. ఆ ఒక్క కారణంతోనే మట్టం 11 అడుగులు దిగింది, నీటి పరిమాణం దాదాపు సగం అయింది. తర్వాత వచ్చిన అధ్యయనాల్లోనూ 2022 నాటి పతనంలో మూడింట రెండొంతుల వాటా మనుషుల వాడకానిదే. వేడెక్కుతున్న వాతావరణం వాటా పదో వంతు దగ్గర, మిగిలింది వానల హెచ్చుతగ్గులు.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. సరస్సు తనంతట తాను కూడా దిగుతుంది, ఎక్కుతుంది. 1845లో జాన్ ఫ్రీమాంట్ బృందం ఈ ద్వీపానికి పడవ అవసరం లేకుండా ఇసుక తిన్నె మీదుగా గుర్రాలతోనే వచ్చింది. అప్పటికి ఎగువన కాలువలు లేవు. కరువు ఉన్నప్పుడు మట్టం దిగడం మామూలే. కాకపోతే కరువు దెబ్బకు ముందే 11 అడుగులు కోల్పోయి ఉన్న సరస్సు, ఆ దెబ్బ తిన్నాక ఎక్కడ తేలుతుంది?

1847 జూలైలో మార్మన్ మతస్థులు బ్రిగమ్ యంగ్ వెంట ఈ లోయలోకి వచ్చారు. వచ్చీరాగానే వాగులకు అడ్డుకట్టలు వేసి పొలాలకు నీళ్లు మళ్లించారు. ఎడారిలో ఊరు నిలబెట్టాలంటే వేరే దారి లేదు. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో అప్పుడు స్థిరపడిన నీటి చట్టం సారం ఏమిటంటే, ముందు వాడుకున్నవాడికే ముందు హక్కు. నీటి హక్కు కాగితం మీద తేదీ ఉంటుంది. 1870 తేదీ ఉన్నవాడి వాటా పూర్తయ్యాకే 1920 వాడికి చుక్క. హక్కు నిలబెట్టుకోవాలంటే ఆ నీళ్లను 'ప్రయోజనకరంగా' వాడాలి. ఏడేళ్లు వాడకపోతే హక్కు పోయే ప్రమాదం ఉంటుంది. ప్రయోజనం అంటే పొలం, పశువులు, పరిశ్రమ, ఇల్లు. రైతు తన వాటాను సరస్సు కోసం నదిలో వదిలేస్తే అది ప్రయోజనం కింద లెక్కకు రాలేదు.

కాలువ చివర శివారు ఆయకట్టు రైతు బాధ మనకు కొత్త కాదు. పైన వాళ్లు తూములు ఎత్తుకుంటే శివారుకు తడి కూడా చేరదు. అయినా ఆ రైతుకు కాగితం మీద ఆయకట్టు ఉంటుంది. రోడ్డు మీద బైఠాయిస్తాడు, ఇంజినీరును నిలదీస్తాడు, వంతు తడి అడుగుతాడు. గ్రేట్ సాల్ట్ లేక్ ఉన్నది శివారులోనే, కానీ ఆయకట్టు లిస్టులో దానికి పేరే లేదు. నూటడెబ్భై ఏళ్ల పాటు దానికి దక్కింది అందరూ వాడుకోగా మిగిలినదే. మిగిలింది ఎక్కువ ఉన్న రోజుల్లో ఎవరికీ ఆ లోటు కనపడలేదు.

పైగా ఎక్కువైన రోజులూ ఉన్నాయి. 1983 వసంతంలో కరిగిన మంచుతో సాల్ట్ లేక్ సిటీ వీధులే ఏరులయ్యాయి. స్టేట్ స్ట్రీట్‌లో ఇసుక బస్తాలు పేర్చి నీళ్లను దారి పట్టించాల్సి వచ్చింది. సరస్సు పెరిగి రోడ్లనూ రైలు కట్టనూ ముంచబోతుంటే, రాష్ట్ర ప్రభుత్వం సుమారు 6 కోట్ల డాలర్లు పోసి సరస్సు నీళ్లను పడమటి ఎడారిలోకి తోడేసే భారీ పంపులు పెట్టింది. అవి 1987లో మొదలై రెండేళ్లు నడిచాయి. ఆ పంపులు చూసి పెరిగిన తరానికి ఈ సరస్సు ఎండిపోతుందంటే నమ్మకం కలగకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఈ నీళ్లన్నీ ఎటు పోతున్నాయి? సరస్సుకు చేరకుండా ఖర్చయ్యే దానిలో మూడింట రెండొంతుల దాకా వ్యవసాయానిదే. అందులోనూ పెద్ద భాగం పశుగ్రాసం. ముఖ్యంగా అల్ఫాల్ఫా, అంటే మన పాడి రైతులు లూసర్న్ అనే గడ్డి. ఏటా నాలుగైదు నెలలు తడి పెడుతూ మూడు నాలుగు కోతలు తీస్తారు. లవణాల కంపెనీల వాటా ఒక లెక్క ప్రకారం 13 శాతం. సరస్సు నీళ్లనే మళ్లలోకి తోడి ఎండబెట్టి ఉప్పు, మెగ్నీషియం, పొటాష్ ఎరువు తీస్తారు. ఇక ఊళ్లు.

ఊళ్ల విషయంలోనే అందరూ తికమక పడతారు. స్నానం తొందరగా ముగించండి, పళ్లు తోముకునేటప్పుడు పంపు కట్టేయండి అని చెబుతుంటారు. మంచి అలవాట్లే, కానీ సరస్సుకు వాటితో పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఇంట్లో వాడిన నీళ్లు డ్రైనేజీలోకి పోయి, శుద్ధి అయ్యి, తిరిగి సరస్సు వైపే వెళ్తాయి. పోయేది పచ్చిక బయలు మీద చల్లిన నీళ్లు, అవి ఆవిరై గాల్లో కలుస్తాయి. అందుకే ఇక్కడ వాడిన నీళ్లెన్ని అని కాకుండా, వాడాక తిరిగి రాకుండా పోయినవెన్ని అని లెక్కేయాలి. ఈ లెక్కలో మంచి పనులు కూడా తిరగబడతాయి. మురుగునీటిని శుద్ధి చేసి మళ్లీ పార్కులకు వాడటం మిగతా లోకంలో మెచ్చుకోదగ్గ పని. ఇక్కడ అది సరస్సుకు వచ్చే నీళ్లను దారిలో ఆపడం అవుతుంది. 2023లో రాష్ట్ర శాసనసభ ఈ పరివాహకంలో అలాంటి కొత్త ప్రాజెక్టులకు పగ్గం వేసింది. పొలంలో పాత పద్ధతి మాని స్ప్రింక్లర్లు పెట్టుకుంటే నీళ్లు ఆదా అవుతాయి. ఆ ఆదా అయిన నీళ్లతో పక్క మడి కూడా తడిపితే సరస్సుకు గతంలో ఇంకి, ఊరి చేరిన నీళ్లు కూడా బంద్.

తప్పంతా గడ్డి రైతుదే అనడం తేలిక. నాకైతే అది సబబనిపించదు. ముత్తాత నాటి నుంచి వచ్చిన హక్కు, వాడకపోతే పోయే హక్కు, నీళ్లు వదిలితే పైసా రాని ఏర్పాటు. ఆ స్థితిలో ఎవరైనా తూము తెరిచే ఉంచుతారు.

టిన్నులో వచ్చే గుడ్లు

ఇక్కడి నుంచి మన కోస్తాకు ఒక దారి ఉంది. వనామీ రొయ్యల హ్యాచరీలో పనిచేసినవాళ్లను ఆర్టీమియా అంటే ఏమిటని అడగండి. గాలి తీసేసిన టిన్నులో గోధుమ రంగు పొడి వస్తుంది. అది పొడి కాదు, ఆర్టీమియా అనే బుల్లి ఉప్పునీటి రొయ్యలాంటి జీవి గుడ్లు. అడుగున సన్నబడే గరాటు ఆకారపు ట్యాంకులో ఉప్పునీళ్లు పోసి, గాలి పెట్టి, లైటు వేసి ఈ గుడ్లు వేస్తే సుమారు 24 గంటల్లో పొదుగుతాయి. గాలి ఆపగానే ఖాళీ పెంకులు పైకి తేలతాయి, అర మిల్లీమీటరైనా లేని నారింజ రంగు పిల్లలు వెలుగు ఉన్న చోటికి గుంపు కడతాయి. వాటిని వడగట్టి కడిగి రొయ్య పిల్లకు మేతగా వేస్తారు. కళ్లు తెరిచిన రొయ్య పిల్లకు కదిలే మేత కావాలి, దానికి ఆర్టీమియాను మించింది లేదని హ్యాచరీ వాళ్ల మాట.

ప్రపంచంలో అమ్ముడయ్యే ఈ గుడ్లలో దాదాపు 40 శాతం గ్రేట్ సాల్ట్ లేక్ దక్షిణ భాగం నుంచే వస్తాయి. ఈ సరస్సులో చేపలు లేవు. సెంటీమీటరు పొడవుండే ఈ జీవిదే రాజ్యం. శీతాకాలం వచ్చే ముందు ఆడవి గట్టి పెంకు ఉన్న గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. గుడ్లు నీటి మీద ఎర్రటి చారలుగా తేలతాయి. అక్టోబరు 1న సీజన్ మొదలవుతుంది. చిన్న విమానాలు పైనుంచి చారలు వెతికి చెబుతాయి, పడవలు వెళ్లి తేలే తాళ్లతో చుట్టుముట్టి తోడుకుంటాయి.

ఈ జీవికి 12 నుంచి 16 శాతం ఉప్పు హాయి. 1980ల వరదల్లో ఉప్పు బాగా పలచబడినప్పుడు దీన్ని తినే పురుగులు చొరబడ్డాయి. 2022 చివర్లో ఉప్పు 18 శాతం దాటినప్పుడు ఇంకో రకం ప్రమాదం వచ్చింది. ఒడ్డు వెనక్కి జరిగేసరికి, నాచు పొరలతో ఏర్పడిన రాతి దిబ్బలు నీళ్లలోంచి బయటపడి తెల్లగా ఎండిపోయాయి. బ్రైన్ ఫ్లై అనే ఈగ పిల్లలు పెరిగేది ఆ దిబ్బల మీదే. ఈగలంటే ఊరి ఈగలు కావు, కుట్టవు, మనుషుల జోలికి రావు. వేసవిలో ఒడ్డంతా నల్లగా పరుచుకుని ఉంటాయి. అడుగు వేస్తే దారి ఇచ్చి మళ్లీ మూసుకుంటాయి. గల్ పక్షులు నోరు తెరుచుకుని ఆ గుంపులోకి పరిగెత్తుతూ తింటాయి.

ఏటా దాదాపు కోటి పక్షులు ఈ సరస్సును నమ్ముకుని వస్తాయి. ఇయర్డ్ గ్రీబ్ అనే పక్షులు శరదృతువులో లక్షల్లో దిగి, ఎగరలేనంత లావయ్యే దాకా ఆర్టీమియా తిని, ఆ కొవ్వుతో దక్షిణానికి పోతాయి. ఉత్తర అమెరికాలోని ఆ జాతిలో అత్యధిక భాగానికి ఇదే మజిలీ. విల్సన్స్ ఫాలరోప్ అనే చిన్న పక్షి ఇక్కడ తిని దక్షిణ అమెరికా ఉప్పు సరస్సుల దాకా ఎగురుతుంది. గన్నిసన్ ద్వీపం మీద తెల్ల పెలికన్లు తరతరాలుగా గుడ్లు పెట్టేవి. చుట్టూ నీళ్లు ఉన్నంత కాలం వాటికి భయం లేదు. నీళ్లు తగ్గి నేల దారి పడేసరికి కయోటీలు అనే నక్కల్లాంటి వేటజంతువులు వచ్చాయి. 2023లో పెలికన్లు గూళ్లు వదిలేసి పోయాయి.

దుమ్ము గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పక్షులను పట్టించుకోని నాయకులను కూడా కదిలించింది అదే. సరస్సు అడుగు మట్టిలో ఆర్సెనిక్ లాంటి లోహాలు ఉన్నాయి. గాలి వాలులో పాతిక లక్షల మంది ఉన్నారు. యూనివర్సిటీ ఆఫ్ యూటా వాతావరణ శాస్త్రవేత్త కెవిన్ పెర్రీ సైకిలు మీద ఆ ఎండిన అడుగంతా తిరిగి చూశాడు. చాలా చోట్ల పైన గట్టి పెచ్చు కట్టి ఉంది, దుమ్ము లేచే నేల 9 శాతం దగ్గరే. ఊరటే, కానీ ఆ పెచ్చు చెదిరితే లెక్క మారుతుంది. కాలిఫోర్నియాలో ఓవెన్స్ సరస్సుకు చేరే నది నీళ్లను 1913లో లాస్ ఏంజెలస్ నగరానికి మళ్లించారు. 1920లు గడిచేలోపు సరస్సు ఎండిపోయింది. అక్కడ దుమ్ము లేవకుండా ఆపడానికే ఇప్పటికి 200 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. సరస్సు మాత్రం తిరిగి రాలేదు.

మంచు ఇచ్చిన గడువు

2023 జనవరిలో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ ఆధ్వర్యంలో కొందరు శాస్త్రవేత్తలు ఒక నివేదిక ఇచ్చారు. 2020 నుంచి పోతున్న వేగంతోనే పోతే సరస్సు అయిదేళ్లలో ఉండదన్నారు. నిలబెట్టాలంటే యేటా అదనంగా 10 లక్షల ఎకరా అడుగుల నీళ్లు వదలాలన్నారు. మన లెక్కలో సుమారు 44 టీఎంసీలు, శ్రీశైలం ప్రాజెక్టు నిల్వలో అయిదో వంతు. వింటే మరీ ఎక్కువ అనిపించదు. కానీ ఆ నీళ్లలో ప్రతి చుక్కకూ ఎవరిదో పేరు, ఏదో తేదీ రాసి ఉన్నాయి.

ఫిబ్రవరిలో గవర్నర్ స్పెన్సర్ కాక్స్ ఉత్తర్వు మీద, రైలు కట్టలో నీళ్లు పారే గండి దగ్గర అడ్డుకట్టను అయిదు అడుగులు పెంచారు. అంటే ఉత్తర భాగాన్ని ఎలాగూ పోయిందనుకుని వదిలేసి, ఆర్టీమియా ఉన్న దక్షిణ భాగాన్ని కాపాడుకోవడం. అది కఠినమైన నిర్ణయమే గానీ ఆ వారాల్లో అంతకంటే పనికొచ్చేది చేతిలో లేదు. ఆ చలికాలమే యూటాలో రికార్డు మంచు కురిసింది. కరిగి వచ్చిన నీళ్లతో దక్షిణ భాగం అయిదున్నర అడుగులు పెరిగింది, ఉప్పు శాతం దిగింది, ఆర్టీమియా కోలుకుంది. దాంతో 'అయిదేళ్లలో మాయం అన్నారుగా' అని వెక్కిరించినవాళ్లూ బయల్దేరారు. ఆ నివేదిక చెప్పింది 'ఇదే వేగంతో పోతే' అని. ఆ ముక్కను హెడ్డింగులు మింగేశాయి.

చట్టంలో మార్పు మాత్రం అంతకు ముందే మొదలైంది. 2022లో తెచ్చిన సవరణతో రైతు తన నీటి వాటాను హక్కు పోగొట్టుకోకుండా సరస్సు కోసం లీజుకు ఇవ్వొచ్చు. అలాంటి పనులకు 4 కోట్ల డాలర్లతో ట్రస్టు పెట్టారు. మరుసటి ఏడు సరస్సుకంటూ ఒక కమిషనర్ ఆఫీసు ఏర్పాటు చేశారు. 2023 సెప్టెంబరులో పర్యావరణ సంస్థలు రాష్ట్రం మీద కోర్టుకెళ్లాయి. సరస్సు ప్రజల ఆస్తి, దాన్ని కాపాడే బాధ్యత ప్రభుత్వానిది, కాబట్టి పాత హక్కులనూ సవరించాలి అన్నది వాళ్ల వాదన. ఇలాంటి వాదనతోనే కాలిఫోర్నియాలోని మోనో లేక్ కేసు 1983లో అక్కడి సుప్రీంకోర్టులో గెలిచింది. 1994లో దానికి 6,392 అడుగుల మట్టం లక్ష్యంగా పెట్టారు. ముప్ఫై ఏళ్లు దాటినా మోనో లేక్ ఆ మట్టం చూడలేదు. కోర్టులో గెలిచినంత మాత్రాన నీళ్లు రావని దానివల్ల తెలిసింది. నా లెక్కలో లీజులే ఎక్కువ పనికొస్తాయి, ధర గిట్టుబాటుగా ఉండి, వదిలిన నీళ్లు దారిలో ఇంకొకడు తోడుకోకుండా కొలిచే మీటర్లు ఉంటేనే. దారిలో కాపలా లేని లీజు అంటే తర్వాతి తేదీ ఉన్నవాడికి ఉచితంగా నీళ్లు పంచడమే.

ఈ మీటర్ల పని చూడటానికి బోరుగా ఉంటుంది, ఫొటోలు రావు. ఇక్కడి సంగతి అంతా దాని మీదే ఆధారపడి ఉంది. సరస్సుకు కనీస ఆరోగ్యం అనుకునే మట్టం 4,198 అడుగులు. 2023, 2024ల్లో వరసగా మంచి మంచు పడినా దక్షిణ భాగం 4,195 అడుగుల దగ్గరే ఆగి మళ్లీ దిగడం మొదలుపెట్టింది. 2034 శీతాకాల ఒలింపిక్స్ సాల్ట్ లేక్ సిటీకి వచ్చాయి కాబట్టి, లోకమంతా టీవీలో చూసేనాటికి సరస్సు నిండుగా ఉండాలని నాయకులు తొందరపడుతున్నారు.

ఏటా మే, జూన్‌లలో మంచు కరిగి మట్టం పైకొస్తుంది, అక్టోబరు, నవంబరుకల్లా ఆ ఏటి కనిష్టానికి దిగుతుంది. సరస్సు కోలుకుందని ఎప్పుడైనా వార్త చదివితే ముందు అది ఏ నెల వార్తో చూడండి. ఆ తర్వాత, ఆ ఏడాది ఎంత మంచు పడిందో కాకుండా లీజుల మీద ఎన్ని ఎకరా అడుగులు నిజంగా సరస్సులోకి దిగాయో వెతకండి.